నాలుక కింద గుండీ

మధ్యాహ్నం భోజనాల వేళకి జాకెట్టు తడిసి ఉండాలి. తడవలేదు.

కాలరు పిల్ల మిషను ఆపకుండానే ఎడమ మోచేత్తో గుండెల మీద ఒత్తి చూసుకుంది. పొద్దున్న జాకెట్టు లోపల మడతపెట్టి దోపుకున్న పాత గుడ్డ పెట్టింది పెట్టినట్టే పొడిపొడిగా ఉంది. సీజను మొదలైన కొత్తలో ఆ గుడ్డని ఈపాటికి ఒకసారి పిండుకుని మళ్ళీ పెట్టుకోవలసి వచ్చేది. కాలరు మీద పాలచుక్క పడిందంటే ఆ చొక్కా కొన్నవాడు అమ్మా అని ఏడుస్తాడని పక్కవాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. సిగ్గుతో చచ్చిపోయేది. ఇప్పుడు ఎవరైనా ఆ మాట మళ్ళీ అంటే బాగుండనిపించింది.

నిన్నా తడవలేదు. నిన్న చలి మీద పెట్టేసి మనసుకి సర్దిచెప్పుకుంది. ఇవాళ ఏ వంకా దొరకడం లేదు.

ఆలోచన అటు పోయిందో లేదో వెనకనుంచి చొక్కా వచ్చి పక్కన పడింది. వెనక మిషను మీద భుజాలు కలిపే ఆవిడ పని అవగానే తల ఎత్తకుండా ముందుకి విసురుతుంది. దానికి కాలరు ఎక్కించి కాలరు పిల్ల ముందుకి విసరాలి. ఆమె ముందు చొక్కాకి చేతులు అతికే ఆవిడ, ఆవిడ ముందు కాజాలు కుట్టే కాజాలక్క. ఆ లైనులో ఎవరికీ సొంత పేరుతో పనిలేదు, ఎవరి పని వాళ్ళ పేరు. కాలరు పిల్ల కంటే ముందు అదే కుర్చీలో ఆమె అత్త కూర్చునేది. అప్పుడు ఆవిడ పెద్ద కాలరు. కాళ్ళు వాచి మేడమెట్లు ఎక్కలేక మానేస్తే, బిడ్డకి నాలుగో నెల వచ్చిందో లేదో కోడలు వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది.

ఏడాది చివర సెలవులు వస్తున్నాయంటే ఊరంతా కొత్త చొక్కాలు కొంటుంది. ఊరికి సెలవులు దగ్గరపడేకొద్దీ ఇక్కడ సెలవన్న మాట దూరమైపోతుంది. సీజనులో జీతం మీద రోజువారీ బత్తెం వేస్తారు. ఆ బత్తెం మనిషికి కాదు, లైనుకి. అనుకున్న చొక్కాలన్నీ దిగితే అందరికీ వస్తుంది, ఒక్కటి తగ్గితే ఎవరికీ రాదు. అందుకని సూపర్వైజరు ఎవరి మీదా అరవక్కర్లేదు. ఒక మనిషి కుర్చీలోంచి లేచిందంటే వెనకవాళ్ళ చొక్కాలు గుట్టపడతాయి, ముందువాళ్ళ చేతులు ఖాళీ అవుతాయి, అందరి చూపులూ వచ్చి ఆ లేచినదాని వీపు మీద గుచ్చుకుంటాయి.

గుమ్మం పక్కన గోడకి ఒక మేకు ఉంది. మామూలు రోజుల్లో దానికి ఒక చెక్కబిళ్ళ వేలాడుతుంది. బాత్రూముకి వెళ్ళాలంటే ఆ బిళ్ళ తీసుకుని వెళ్ళాలి. అంతమందికీ అదొక్కటే. సీజను వచ్చిందంటే మేకు ఖాళీ. బిళ్ళ సూపర్వైజరు జేబులోకి పోతుంది. మాటకి ముందు ఒకసారి, మాటకి వెనక ఒకసారి చేతి గడియారం చూసుకుంటాడని ఆయనకి గడియారం అని పేరు పెట్టారు. ఆయన ముందుకి పోయి నిలబడి, అందరూ వింటుండగా బిళ్ళ అడిగి తీసుకోవాలి. ఆ పరువుతక్కువ పని ఎందుకని ఆడవాళ్ళు ఎప్పుడో ఒక దారి కనిపెట్టారు. నీళ్ళు తాగకపోతే లేవక్కర్లేదు. దాహం వేయకుండా ఉండటానికి నాలుక కింద ఒక గుండీ పెట్టుకోవాలి. నోరు ఊరుతూ ఉంటుంది, ఆ ఊటే మింగుతూ ఉంటే పొద్దు గూకిపోతుంది.

ఎవరి గుండీ వాళ్ళకి ఉంటుంది. కాలరు పిల్లది అత్తగారి గుండీ. కోటుకి వేసే పెద్ద నల్ల గుండీ అది. ఇరవై సీజన్లు ఆవిడ నోట్లో నాని నాని అంచులు అరిగిపోయాయి, నాలుగు చిల్లులూ కలిసిపోయి ఒకటే పెద్ద చిల్లైంది. పనిలో చేరే రోజు పొద్దున్న ఆవిడ దాన్ని వేడినీళ్ళతో కడిగి, పమిట చెంగుతో తుడిచి, నగ ఇచ్చినట్టు చేతిలో పెట్టింది. తను ఏ సీజనులోనూ ఒక్కసారి కూడా బిళ్ళ అడగలేదని, ఆ మాట దక్కించమని చెప్పింది.

కోడలు దక్కిస్తూనే ఉంది.

భోజనాలయ్యాక అందరినీ ఇస్త్రీ బల్లల దగ్గరికి రమ్మన్నారు. పెద్దాఫీసు నుంచి ఒక మేడం వచ్చింది. మనిషి మంచిదే, మెత్తగా మాట్లాడింది. ఈ హడావుడి రోజుల్లో ఆడవాళ్ళు అందరినీ చూసుకుంటారు గానీ తమను తాము చూసుకోవడం మర్చిపోతారంది. కళ్ళు మూసుకుని గుండెల నిండా ఊపిరి పీల్చమంది. పీల్చారు. మెడ అటూ ఇటూ తిప్పమంది. తిప్పారు. అన్నిటికంటే ముఖ్యం నీళ్ళు, దాహం వేసేదాకా ఆగకుండా గంట గంటకీ తాగుతుండాలంది. ఎదురుగా గోడకి ఒక బొమ్మ అంటించింది. ఒకమ్మాయి కళ్ళు మూసుకుని హాయిగా కూర్చుని ఉంది, పక్కన గ్లాసు నిండా నీళ్ళు. తర్వాత ఒక్కొక్కరికీ ఒక నీలం సీసా పంచింది.

కాలరు పిల్ల వంతు వచ్చేసరికి మేడం ఆమె మొహంలోకి చూసి ఆగింది. చిన్నపిల్లలున్నారా అని అడిగింది. నోట్లో గుండీ ఉంది. దాన్ని బుగ్గలోకి తోసుకుని తలూపింది.

"పాలిస్తున్నారా? అయితే మీరు ఇంకా ఎక్కువ తాగాలి. మీరు తాగేదే పాప తాగుతుంది" అంది మేడం. తర్వాత ఉబ్బిన బుగ్గ చూసి నవ్వింది. "పనిలో చాక్లెట్లు కూడానా? పళ్ళు పాడైపోతాయి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు లైనంతా పాకబోయి, గడియారం తల తిప్పేసరికి ఆగిపోయింది. కాలరు పిల్లకి నవ్వు రాలేదు. మీరు తాగేదే పాప తాగుతుంది. ఆ మాట బట్టలో ఇరుక్కున్న గుండుసూదిలా ఎటు కదిలినా గుచ్చుకుంటూనే ఉంది.

మేడం వెళ్ళేముందు ఫొటో కావాలంది. సీసాలన్నీ నింపి ఎవరి మిషను మీద వాళ్ళు పెట్టుకోమన్నాడు గడియారం. రేపు పైనుంచి ఇంకెవరో చూడటానికి వస్తున్నారని, అప్పటిదాకా అన్నీ నిండుగా కనపడాలని, ఎవరూ మూత తీయొద్దని చెప్పాడు. ఫొటో అయింది. మిషన్లు మళ్ళీ మొదలయ్యాయి. ఆ అదురుకి లైను పొడవునా సీసాల్లో నీళ్ళు వణకడం మొదలుపెట్టాయి.

"ఊపిరి పీల్చమందని పీల్చానే" అంది కాజాలక్క తల తిప్పకుండా. "నూలుపొట్టంతా లోపలికి పోయింది. ఇంకా నయం, మెడ తిప్పమన్నప్పుడు ఊడి రాలేదు."

చేతులు అతికే ఆవిడ ముసిముసిగా నవ్వింది.

"నీళ్ళబొమ్మ తెచ్చింది తల్లి. బిళ్ళబొమ్మ కూడా తెచ్చుంటే చూసి తృప్తి పడేవాళ్ళం" అంది కాజాలక్క మళ్ళీ.

కాలరు పిల్ల కళ్ళు మాత్రం సీసా మీదే ఉన్నాయి. చెయ్యి చాపితే అందేంత దూరం. వణుకుతున్న ఆ నీళ్ళని చూస్తుంటే ఏదో భయం వేసింది. ఎందుకో తెలియలేదు. పాపకి ఏమైనా అయిందేమో అనిపించింది. అలా రోజుకి పదిసార్లు అనిపిస్తూనే ఉంటుంది, తల్లయిన దగ్గర్నుంచీ ఆమె మనసుకి అదే పని. కానీ ఈసారి వచ్చిన భయం వచ్చి వెళ్ళలేదు. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది.

సాయంత్రం వీధి మలుపు తిరగ్గానే రోజూ పాప ఏడుపు వినిపిస్తుంది. ఆ గొంతు చెవిన పడితే చాలు గుండెలు బరువెక్కి చేపుకొచ్చేవి. ఇవాళ మలుపు తిరిగింది. ఏమీ వినిపించలేదు. కింద వాటా ఆవిడ గిన్నెలు తోముకుంటున్న చప్పుడు, ఎక్కడో సైకిలు గంట, అంతే. పడుకుందేమో అనుకుంది. ఆకలి వేళప్పుడు పడుకునే పిల్ల కాదు అని వెంటనే అనుకుంది. మెట్లు ఎలా ఎక్కిందో తెలియలేదు.

ఉన్నది ఒకటే గది. దీపం వేయలేదు. కిటికీలోంచి వచ్చే కాస్త వెలుతురులో అత్త మంచం మీద కూర్చుని ఉంది. పాదాలు రెండూ దిళ్ళలా ఉబ్బి కిందికి వేలాడుతున్నాయి. ఆర్నెల్లుగా ఆ వాపు పెరుగుతూనే ఉంది. ఒంట్లో నీరు ఎక్కువైందని ఎవరితో చెప్పించుకుందో ఏమో, రోజుకి అరగ్లాసు తాగితే గొప్ప, అదీ కోడలు బతిమాలితే. ఆవిడ చేతులు ఒళ్ళో ఊరుకోలేదు. ఒక చెయ్యి గుడ్డని పట్టుకున్నట్టు, ఇంకో చెయ్యి దాన్ని ముందుకి తోస్తున్నట్టు మెల్లగా కదులుతున్నాయి. గుడ్డ లేదు.

పాప పక్కనే వెల్లకిలా పడుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. బుగ్గలు లోపలికీ బయటికీ ఆడుతున్నాయి. పెదాల మూలనుంచి ఒక తెల్లదారం బయటికి వచ్చి, అత్త మణికట్టుకి చుట్టి ఉంది.

ఆమె ఆ దారాన్ని పట్టుకుని లాగింది. గట్టిగా లాగితే ఏమవుతుందో అని మెల్లగా లాగింది. చొంగతో పాటు తెల్ల గుండీ ఒకటి జారి అరచేతిలో పడింది. దండెం మీద ఆరేసిన మొగుడి చొక్కాకి మెడ కింది గుండీ లేదు. గుండీ పోయాక కూడా పాప నోరు అలాగే చప్పరిస్తూ ఉంది.

"ఎందుకు తీశావే" అంది అత్త. గొంతు ఎక్కడో దూరంనుంచి వస్తున్నట్టుంది. "గుక్కపట్టి ఏడ్చింది. నువ్విచ్చి వెళ్ళిన పాలు ఏమూలకీ రాలేదు. ఇది పెట్టాక చూడు, ఎంత బుద్ధిగా ఉందో."

"గొంతుకి అడ్డం పడితే అత్తయ్యా?"

"దారం కట్టాను కదే. ఆమాత్రం తెలీదా నాకు." అత్త మనవరాలి వైపు ప్రేమగానే చూసింది. "నోరు ఊరుతుంటే ఆకలి తెలీదు. ఇప్పట్నుంచీ అలవాటైతే మంచిదేలే. రేపొద్దున ఇబ్బంది పడదు. ఆడపిల్ల."

అప్పటిదాకా కోడలి నోట్లోనే ఉన్న నల్ల గుండీ ఒక్కసారిగా రాయిలా బరువెక్కింది. ఉమ్మేసింది. అది నేల మీద దొర్లి మంచం కిందికి పోయింది. పాపని గుండెలకి ఎత్తుకుంది. పిల్ల ఆత్రంగా పట్టుకుని, కాసేపు లాగి, ఏమీ రాక మొహం తిప్పుకుని అప్పుడు మొదలుపెట్టింది ఏడుపు. ఆ ఏడుపు వినగానే తల్లికి ప్రాణం లేచొచ్చింది, వెంటనే ప్రాణం ఉసూరుమంది.

"లైను ఎక్కడిదాకా వచ్చింది?" అంది అత్త గోడవైపు చూస్తూ. "వెనక గుట్టపడుతోంది. చూసుకో."

దీపం వేసి చూస్తే ఆవిడ మొహం కూడా ఉబ్బి ఉంది. మాట ముద్దముద్దగా వస్తోంది. పాదం మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడి, ఆ గుంట అలాగే ఉండిపోయింది. సరుకుల బండి తోలే మొగుడు అప్పుడే వచ్చాడు. పెళ్ళాం ఒక్క మాట చెప్పగానే తల్లిని చేతుల మీద ఎత్తుకుని మెట్లు దిగి, ఇంకా దింపని సరుకుల మధ్యే పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయాడు.

ఆమె ఆ రాత్రి బిందె పక్కనే కూర్చుంది. గ్లాసు తర్వాత గ్లాసు తాగింది. మొదట్లో గొంతు దిగనంది. ఇన్నాళ్ళ అలవాటు, గొంతు నీళ్ళని చుట్టాన్ని కాదు, దొంగని చూసినట్టు చూసింది. పాప ఏడ్చి, సొమ్మసిల్లి, లేచి మళ్ళీ ఏడ్చింది. తెల్లారబోతుండగా నోటికి ఏదో తగిలినట్టుంది, ఏడుపు ఆపి గుటక వేసింది. తర్వాత ఇంకో గుటక. ఎక్కువేం కాదు. కానీ ఆ చిన్న గుటక చప్పుడు ఆ గదిలో అంత స్పష్టంగా ఎప్పుడూ వినపడలేదు.

మొగుడు ఒక్కడే తిరిగొచ్చాడు. మూత్రపిండాలు రెండూ దెబ్బతిన్నాయట, ఎంతవరకు పోయాయో పరీక్షలు చేస్తే గానీ చెప్పలేమన్నారట. రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతావమ్మా అని డాక్టరు అడిగాడట. సీజనులో అయితే చుక్క తాగను అని అమ్మ మెడ నిటారుగా పెట్టి చెప్పిందట. డాక్టరు రాయడం ఆపేసి కలం కింద పెట్టాడట. అదంతా చెప్పి గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"ఇప్పుడు నువ్వు కూడా మానేస్తే కుదరదు" అన్నాడు నేలవైపు చూస్తూ. "ఈ సీజను ఎలాగోలా లాగెయ్."

"మీ అమ్మ కూడా ఎలాగోలానే లాగింది" అంది ఆమె.

అతను లేచి, పాపని కింద వాటా ఆవిడకి అప్పజెప్పి, ఆసుపత్రికి వెళ్ళిపోయాడు. ఆమె జాకెట్టులో కొత్త గుడ్డ మడతపెట్టుకుంది. మంచం కింద చెయ్యి పెట్టి వెతికి నల్ల గుండీని తీసి కొంగున ముడేసుకుంది. నోట్లో పెట్టుకోలేదు.

లైనులో సీసాలన్నీ నిండుగా వరసలో ఉన్నాయి. పైనుంచి రావలసినవాళ్ళు ఇంకా రాలేదు. పెద్ద కాలరు ఆసుపత్రిలో ఉందన్న కబురు ఆమె కంటే ముందే వచ్చేసింది. అందరూ పాపం అన్నారు. అంటూనే కూర్చున్నారు, మిషన్లు మొదలుపెట్టారు. కాజాలక్క మాత్రం ఇవాళ జోకు వేయలేదు.

పొద్దెక్కుతుండగా కాలరు పిల్ల సీసా మూత తీసింది. ఎవరూ చూడలేదు. పైకెత్తి తాగింది. అప్పుడు చూశారు. మిషన్ల మోతలో గుటకల చప్పుడు వినపడదు గానీ, గొంతు కదలడం కనపడుతుంది. చేతులు అతికే ఆవిడ కళ్ళు పెద్దవి చేసి చూసింది. తాగొద్దని సైగ చేసింది. ఆమె సీసా సగం ఖాళీ చేసి మూత పెట్టింది. కాసేపటికి మిగతా సగం కూడా తాగేసింది. నిండు సీసాల వరసలో ఒకటి ఖాళీగా, ఊడిన పన్నులా కనపడసాగింది.

భోజనాల వేళ ఇంకా కాకముందే పొత్తికడుపు బిగుసుకుంది. వెనకటి రోజుల్లో అయితే కాలు మీద కాలు వేసుకుని, పళ్ళు బిగబట్టుకుని కూర్చునేది. లేచి నిలబడింది. వెనకనుంచి చొక్కా వచ్చి కుర్చీ మీద పడింది. ఆమె వెళ్ళి గడియారం ముందు నిలబడింది.

"బిళ్ళ ఇవ్వండి సార్."

ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. "ఇంకాస్సేపట్లో భోజనాలేగా అమ్మాయ్. అప్పుడు వెళ్ళు."

"అప్పుడూ వెళ్తాను. ఇప్పుడూ వెళ్ళాలి."

"ఏంటి కొత్తగా? మీ అత్త ఏనాడైనా వచ్చి ఇలా నిలబడిందా?"

"నిలబడలేదు సార్. ఇప్పుడు లేచి నిలబడలేకపోతోంది."

ఆమె కొంగు ముడి విప్పింది. అరిగిపోయిన నల్ల గుండీని తీసి ఆయన బల్ల మీద పెట్టి, బిళ్ళ కోసం చెయ్యి చాపింది. అదేమిటో ఆయనకి అర్థం కాలేదు. ఏ కోటు గుండీ ఇది అన్నట్టు చూశాడు. అర్థమైనవాళ్ళంతా వెనక ఉన్నారు.

"చూడమ్మా, నాకేం పోదు" అన్నాడు గొంతు తగ్గించి. మాటలో కోపం కంటే అలసట ఎక్కువ ఉంది. ఆయన మీదా ఎవరో గడియారం చూసుకుంటూ ఉండే ఉంటారు. "నువ్వెళ్తే లైను ఆగుతుంది. లైను ఆగితే వీళ్ళ బత్తెం పోతుంది. నన్ను కాదు, వాళ్ళని అడుగు. వాళ్ళు వెళ్ళమంటే బిళ్ళ ఇస్తా."

అది ఆయన ఆఖరి తాళం. ఇన్నేళ్ళుగా ఆ తాళం విప్పే చెయ్యి ఎవరికీ లేదు. ఆమె చాపిన చెయ్యి వెనక్కి తీయకుండానే, తల మాత్రం తిప్పి లైనువైపు చూసింది.

చేతులు అతికే ఆవిడ చేతులు ఖాళీ అయిపోయాయి. ఆవిడ మొహంలో కోపమే ఉంది, దాచుకోలేదు. ఇంట్లో ముగ్గురు పిల్లలు ఆవిడకి, బత్తెం పోతే ఆవిడకీ పోతుంది. కాజాలక్క తల వంచుకుని ఉంది. బుగ్గలో ఏదో ఇటునుంచి అటు దొర్లింది, మళ్ళీ అటునుంచి ఇటు వచ్చి ఆగింది. వెనక భుజాలు కలిపే ఆవిడ ఇంకో చొక్కా పూర్తి చేసి విసరబోయి, ఖాళీ కుర్చీ చూసి చెయ్యి గాల్లోనే ఆపేసింది. విసరలేదు. కింద పెట్టనూ లేదు.

ఎవరూ వెళ్ళమనలేదు. ఎవరూ వద్దనలేదు.

కాలరు లేని చొక్కాలు కుర్చీ మీద గుట్టగా ఉన్నాయి. మిషను తర్వాత మిషను ఆగుతోంది, పని లేక ఆగుతోందో, ఇంకెందుకు ఆగుతోందో చెప్పడం కష్టం. ఆమె చెయ్యి చాపుకుని నిలబడే ఉంది. జాకెట్టు లోపల గుడ్డ మీద ఒకచోట చెమ్మగా తగిలింది. లైను పొడవునా సీసాల్లో నిన్నటినుంచీ వణుకుతున్న నీళ్ళు మెల్లమెల్లగా నిలకడగా నిలబడుతున్నాయి.